దల్మా బస్సులో అమ్మ

శంకరమ్మక్క పోయిందని జగిత్యాల నుంచి వాళ్ళ పెద్దమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. "అవ్వ పోయింది చిన్నమ్మా. నిన్న పొద్దుగాల. మొన్న గూడ నీ ముచ్చట తీసింది. దుబాయ్‌ల నా చెల్లె ఉండె అని" అంది ఆ పిల్ల. ఫోన్ పెట్టేశాక కాసేపు కత్తిపీట ముందే కూర్చుండిపోయాను. తర్వాత లేచి పక్క గదిలో ఉన్న అమ్మకి చెప్పాను. అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఆవిడే లేకపోతే నేను ఆ దీవిలోనే మట్టయిపోదును" అని మాత్రం అంది. నా ఇరవై రెండో ఏట, షార్జాలో, శంకరమ్మక్క నాకు చేసిపెట్టిన ఒక ప్రయాణం గురించి రాయాలని అప్పుడే అనిపించింది.

రోలాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మా గది. ఒక్క గదిలో ఆరుగురం ఆడవాళ్ళం, మూడు రెండంతస్తుల ఇనప మంచాలు, మంచానికో పరదా. నాది కింది మంచం, నా పైన శంకరమ్మక్క. ఒక్క వంటగది రెండు కుటుంబాలకీ మాకూ కలిపి ఉండేది కాబట్టి ఎవరు ఏ గంటకి పొయ్యి దగ్గర నిలబడాలో లెక్క ఉండేది. తెల్లవారుజామున మేము, మా తర్వాత పక్క గది మలయాళీ దంపతులు, సాయంత్రం మళ్ళీ మేము. మేము ఎండు చేపలు వేయించుకున్న రోజు వాళ్ళు కిటికీ తెరిచేవారు, వాళ్ళు కొబ్బరినూనెలో తాలింపు పెట్టిన రోజు శంకరమ్మక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. తగువు మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో వచ్చిన సరుకు వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని చేసేదాన్ని. చీకటి విడకముందే కంపెనీ వ్యాన్ మా సందు చివర ఆగేది. సాయంత్రం మళ్ళీ అదే వ్యాన్ అక్కడే దించేది. మొదటి నాలుగు నెలలూ ఆ సందు చివరి నుంచి గదికీ, గది నుంచి సందు చివరికీ తప్ప నాకు ఆ దేశంలో ఇంకో దారి తెలియదు.

శంకరమ్మక్క అందుకు పూర్తిగా ఎదురు. ఆమె ఒక బడిలో ఊడ్చి తుడిచే పని చేసేది. తెలుగు అక్షరమే రాదు, ఇక ఇంగ్లీషు, అరబ్బీ సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఈ మూల నుంచి ఆ మూలకి ఆమె వెళ్ళని చోటు లేదు. ఆమె భర్త మల్లేశం బావ జెబెల్ అలీలో కూలీలుండే క్యాంపులో ఉండేవాడు. క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు. అందుకని ప్రతి శుక్రవారం ఆమె టిఫిన్ డబ్బా కట్టుకుని షార్జా బస్సెక్కి, దుబాయ్‌లో దిగి, మెట్రోలో చివరిదాకా వెళ్ళి, అక్కడ ఇంకో బస్సెక్కి, క్యాంపు బయట సూపర్ మార్కెట్ అరుగు మీద ఆయనతో కూర్చుని అన్నం తిని, మాటలు చెప్పుకుని, సాయంత్రానికి తిరిగి వచ్చేది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి వాళ్ళ కాపురం ఆ అరుగు మీద జరిగింది. దానికి ఆమె ఎప్పుడూ కష్టపడిపోతున్నట్టు మాట్లాడలేదు. "మా ఊళ్ళె ఉన్నప్పుడు గింత సేపు ముచ్చట పెట్టకపోయేటోడు పిల్లా" అని నవ్వేది.

ఆమె దారి పట్టే పద్ధతి వేరు. బస్సు నంబరు చూడదు, చూసినా ప్రయోజనం లేదు. ఏ బస్సు ఎక్కడ నిలుస్తుందో స్థలం గుర్తు. రెండు మినార్ల మసీదు దాటాక లేచి నిలబడాలి, పచ్చ అద్దాల మేడ వస్తే గంట నొక్కాలి, ఖర్జూరపు చెట్లు వరుసగా మొదలైతే ఇంకా కూర్చోవచ్చు. అనుమానం వస్తే పక్కవాళ్ళని అడిగేస్తుంది. పఠాన్ అయినా, బెంగాలీ అయినా, అరబ్బు ముసలమ్మ అయినా ఆమెకి ఒకటే. "తొవ్వ అడుగుడు సిగ్గు గాదు బిడ్డా, తప్పిపోయినంక ఏడ్సుడు సిగ్గు" అనేది. బస్సులో ముందు వైపు ఆడవాళ్ళ సీట్లలో ఎవరైనా మగమనిషి కూర్చుంటే ఆయన ముందు నిలబడి ఏమీ అనకుండా చూస్తూ ఉండేది. ఆయనే లేచేవాడు.

నాకంటే ముందే ఆ దేశానికి వెళ్ళిన మనిషి మా ఇంట్లో ఒకరున్నారు, అమ్మ. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నాకు పదేళ్ళప్పుడు అమ్మ ఒక అరబ్బు ఇంట్లో పనికి వెళ్ళిపోయింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు వెళ్తుంటే అమ్మమ్మ, నేను ఒడ్డున నిలబడ్డాం. పంటు అవతలి గట్టుకి చేరేదాకా అమ్మ మావైపు తిరగలేదు. తర్వాత పన్నెండేళ్ళలో నాలుగుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ నెల రోజులు. ఆ నెలలో మొదటి వారం ఇద్దరికీ మొహమాటం, చివరి వారం ఏడుపు. మధ్యలో ఉన్న రెండు వారాలే మేము తల్లీకూతుళ్ళం. అమ్మ పనిచేసే ఇల్లు దల్మా అనే దీవిలో ఉందని, అది అబూధాబీ దాటి ఎక్కడో పడమట సముద్రంలో ఉంటుందని నేను దుబాయ్ వెళ్ళాకే తెలుసుకున్నాను.

నేను వచ్చిన కబురు విని అమ్మ సంతోషించింది, కానీ వస్తానంటే ఒప్పుకోలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట. "రావద్దే, దూరం. బస్సులు, పడవలు. నీ వల్ల కాదు." పోనీ శుక్రవారం సెలవు చూసుకుని నువ్వే రా అని నేనంటే, "నాకెక్కడ కుదురుద్ది" అనేది. నాలుగు నెలలు విన్నాక నాకు ఒక ఆలోచన గట్టిగా పట్టుకుంది. అమ్మకి నేను అక్కర్లేదు. పన్నెండేళ్ళుగా ఇంకో ఇంట్లో ఉంది, అక్కడి పిల్లని పెంచింది, ఫోన్లో మాట్లాడుతుంటే ఆ పిల్ల ఏడుపు వినిపిస్తే మాట మధ్యలోనే పెట్టేస్తుంది. ఒకరోజు ఈ మాటే శంకరమ్మక్కతో అనేశాను. ఆమె చపాతీ పిండి కలుపుతోంది, చేతులు ఆపలేదు.

"మీ అవ్వ అట్లన్నదా, నువ్వే అనుకుంటున్నవా?" అంది.

"అనకపోయినా తెలుస్తుంది కదక్కా."

"తెల్వది. కండ్లతోని సూడందే ఏదీ తెల్వది. జాతీయ దినం సెలవులు వస్తున్నయ్. పోదాం పట్టు."

"నీకు తెలుసా ఆ దారి?"

"పోయినంక తెలుస్తది" అంది.

ఆ వారం ఆమె మల్లేశం బావ దగ్గరికి వెళ్ళలేదు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు. ఆ వయసులో మనకోసం ఎవరేం వదులుకుంటున్నారో లెక్కలోకి రాదు. సెలవులకి ముందు రోజు సాయంత్రం షార్జాలో అబూధాబీ బస్సెక్కి, అక్కడ ఆమె ఊరి ఆడవాళ్ళు ముగ్గురు ఉండే గదిలో నడుం వాల్చాం. అమ్మకి "వస్తున్నాను" అని చెప్పాను. ఈసారి అమ్మ వద్దనలేదు. "దుప్పటి తెచ్చుకో, పడవలో చలి" అంది.

పొద్దున్నే అబూధాబీ బస్ స్టేషన్‌లో పొరపాటు జరిగింది. దల్మా పడవల రేవుకి దగ్గరి ఊరు రువైస్. అక్కడికి వెళ్ళే బస్సు టీ కొట్టు దాటాక మూడో గీత దగ్గర నిలుస్తుందని ఆ గదివాళ్ళు అక్కకి చెప్పారు. అక్క సరిగ్గా అక్కడికే నడిచింది. అక్కడొక బస్సు ఉంది. "యే బస్ ఉధర్ జాతా?" అని చేత్తో పడమర చూపించింది. డ్రైవర్ తలూపాడు. బస్సు నుదుటి మీద మదీనత్ జాయెద్ అని ఇంగ్లీషులో రాసి ఉండటం నేను చూశాను. దారిలో వచ్చే ఊరు కాబోలు అనుకున్నాను. నాకంటే అక్కకి ఎక్కువ తెలుసు కదా అని ఆ అక్షరాలని అలాగే వదిలేశాను. గంటన్నర ఇసుకలో పోయాక డ్రైవర్ ఎవరితోనో, తరీఫ్ అనే ఊరు దాటగానే ఎడమకి తిరిగిపోతానని చెప్పటం వినిపించింది. రువైస్‌కి తిన్నగా పోవాలి. అక్క చెవిలో చెప్పాను.

ఆమె కాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడనిది ఏదో కనిపించింది. సిగ్గు కాదు, అలసట లాంటిది.

"బస్సు మీద రాసింది నువ్వు సదివినవా?" అంది.

"చదివాను."

"మరి జెప్పకపోతివి?"

"నీకు తెలుసనుకున్నాను."

"నాకు జాగ తెలుస్తది బిడ్డా. జాగల బస్సు మారితె తెల్వది. గది నువ్వు సూడాలె. నేను అడుగుత, నువ్వు సదువు. ఇద్దరం గలిస్తెనే ఒక మనిషైతం." కోపం లేకుండా అంది. అంతటితో ఆ సంగతి వదిలేసింది కూడా.

తరీఫ్ దగ్గర దిగి పెట్రోల్ బంకు గోడ పక్కన నిలబడ్డాం. చలికాలం కాబట్టి ఎండ హాయిగా ఉంది, గాలికి మాత్రం ఇసుక పళ్ళ కిందకి వస్తోంది. అక్క సంచీలోంచి చపాతీలు, మామిడి తొక్కు తీసింది. నాకు ముద్ద దిగలేదు. అమ్మకి ఆ రోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు దాకానే వీలుంటుందని చెప్పింది. మేము పొద్దుటి పడవ అందుకుంటే నాలుగు గంటలు దొరికేవి, తర్వాతి పడవకి పోతే రెండే. ఇంత దూరం వచ్చి రెండు గంటలు. నా వల్లే కదా అనుకుంటూ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను. గంట తర్వాత రువైస్ బస్సు వచ్చింది. ఈసారి అద్దం మీద అక్షరాలు నేను పైకి చదివాను, అక్క డ్రైవర్ని అడిగింది. రువైస్‌లో దిగి, అక్కడి నుంచి రేవు దాకా ఒక టాక్సీలో ఒక బెంగాలీ ఆయనతో, ఆయన ఖాళీ ఐసు పెట్టెతో కలిసి ఇరుక్కుని వెళ్ళాం. పొద్దుటి పడవ వెళ్ళిపోయింది.

తర్వాతి పడవ పెద్దది. కింద కార్లు, కూరగాయల లారీలు, పైన మనుషులు. ఆడవాళ్ళకి తివాచీ పరిచిన గది విడిగా ఉంది. ముఖాలకి ముసుగు తొడుక్కున్న ముగ్గురు అరబ్బు ముసలమ్మలు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి ఖర్జూరాలు, పాలు లేని కాఫీ ఇచ్చారు. చాలు అనడానికి ఖాళీ కప్పుని వేళ్ళ మధ్య ఊపాలని అక్కకి తెలుసు. నాకు తెలియక నాలుగు కప్పులు తాగాను. దాదాపు రెండు గంటలు నీళ్ళ మీద. నేను బయటికొచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మా గోదారి పంటు మీద ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. పన్నెండేళ్ళ కిందట మా అమ్మ ఈ నీళ్ళ మీద ఎవరితో వచ్చిందో, ఎక్కడ కూర్చుందో, ఆ రోజైనా వెనక్కి తిరిగి చూసిందో లేదో ఎప్పుడూ అడగలేదని అప్పుడు తోచింది.

దీవి రేవులో ఒక చిన్న బస్సు నిలబడి ఉంది. డ్రైవర్ తెల్లగడ్డం పఠాన్. అక్క ఆయన దగ్గరికి వెళ్ళి మా అమ్మ పేరు చెప్పింది. అమ్మ పేరు మరియమ్మ. ఆ ఇంట్లో మరియం అంటారు. "మరియం? మోజా వాళ్ళ ఇల్లు కదా" అన్నాడాయన హిందీలో. దీవిలో అందరికీ అందరూ తెలుసు. తిన్నగా ఆ ఇంటి గేటు ముందే ఆపాడు.

గేటులోంచి బయటికి వచ్చిన మనిషిని నేను వెంటనే పోల్చుకోలేదు. పాదాల దాకా గౌను, తల చుట్టూ నల్ల గుడ్డ, నడక కూడా మారిపోయింది. దగ్గరికి వచ్చాక ఒంటి మీద ఊదు వాసన వేసింది. మా ఇంట్లో అమ్మ అంటే కొబ్బరి పీచు పొగ, సబ్బు వాసన. నా చేతిలో సంచీ తీసుకుని, "నల్లబడిపోయావేంటే" అంది. ఆమె గౌను అంచు పట్టుకుని ఐదేళ్ళ పిల్ల ఒకతి నన్ను కిందనుంచి పైకి చూస్తోంది. గిరజాల జుట్టు, కళ్ళకి కాటుక. ఆ పిల్ల నోరు తెరిచి, అచ్చం మా లంక ఊళ్ళో అన్నట్టు, "ఈవిడెవరే మరియం?" అంది.

అమ్మ కొంచెం ఇబ్బందిగా నవ్వింది. "దీని దగ్గర నేను మాట్లాడతా ఉంటానుగా, అదే పట్టేసింది" అని, పిల్లతో "నా కూతురమ్మా" అంది.

"నేను కదా నీ కూతుర్ని" అంది ఆ పిల్ల, మోజా.

ఆ మాటకి పెద్దవాళ్ళెవరైనా నవ్వాలి. శంకరమ్మక్క నవ్వింది. నాకు మాత్రం, పదేళ్ళ వయసులో రేవు ఒడ్డున నిలబడిన ఆ పిల్ల ఇంకా నాలో ఎక్కడుందో సరిగ్గా అక్కడ తగిలింది. నాకు దక్కాల్సిన పన్నెండేళ్ళ మాటలు ఈ పిల్ల నోట్లో ఉన్నాయి.

ఇంట్లో చుట్టాలు నిండి ఉన్నారు. అమ్మ గదిలో ఇంకో ఇద్దరు పనివాళ్ళు పడుకుని ఉన్నారు. ఆ ఇంటి పెద్దావిడ వాకిలి దగ్గరికి వచ్చి మమ్మల్ని చూసి, అమ్మతో అరబ్బీలో ఏదో చెప్పి, చెయ్యి ఊపింది, వెళ్ళిరా అన్నట్టు. మోజా తనూ వస్తానని ఏడిస్తే, పిల్లని కూడా తీసుకెళ్ళమంది. గేటు బయటికి వచ్చాం గానీ ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. సముద్రం ఒడ్డున బల్లలున్నాయి. అమ్మ ఒప్పుకోలేదు. పనిమనిషి బయట కూర్చుని కబుర్లు చెబుతోందని ఎవరైనా ఆ ఇంట్లో అంటారని ఆమె భయం. నలుగురం గోడ నీడలో నిలబడిపోయాం. రెండు గంటల్లో పావుగంట అప్పుడే అయిపోయింది. అంతలో ఆ చిన్న బస్సు దీవి చుట్టి తిరిగి వస్తూ కనిపించింది. శంకరమ్మక్క చెయ్యెత్తి ఆపింది.

"ఎక్కుండ్రి" అంది.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"ఏడికి లేదు. బస్సుల గూసున్నోళ్ళను ఎవ్వరడగరు చెల్లె, ఏడికో వోతున్నరనుకుంటరు. ఎక్కు."

అమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఆ దీవిలో ఉన్న ఇన్నేళ్ళలో ఆమె ఆ బస్సు ఎక్కలేదట. ఎప్పుడు బయటికి వచ్చినా ఆ ఇంటి కారులోనే, వెనక సీట్లో, పిల్లల మధ్య. అక్క మోజాని తన పక్కన కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, చక్కెర చుట్టిన చపాతీ చేతికిచ్చింది. వాళ్ళిద్దరికీ వెంటనే స్నేహం కుదిరింది. ఒకరిది జగిత్యాల తెలుగు, ఒకరిది కోనసీమ తెలుగు. వెనక సీట్లో అమ్మ, నేను. బస్సులో మేము తప్ప ఇద్దరే మనుషులున్నారు, వాళ్ళు కూడా ఆసుపత్రి దగ్గర దిగిపోయారు.

మొదటి చుట్టు మేము ఏమీ మాట్లాడుకోలేదు. మసీదు, బడి, పాత ఇళ్ళు, చేపల రేవు, ఆ తర్వాత బోడి కొండ, మళ్ళీ సముద్రం. అమ్మ కిటికీకి ముఖం ఆనించి చూస్తోంది. బస్సు మళ్ళీ ఆ ఇంటి గేటు ముందుకి వచ్చినప్పుడు ఆశ్చర్యంగా నా వైపు తిరిగింది.

"అయిపోయిందా? ఇంతేనా ఇది?" అంది. "పన్నెండేళ్ళ నుంచీ ఇది పెద్ద దేశం అనుకుంటన్నానే. అవతల ఇంకా ఎంతో ఉంటది, నా వల్లేమవుద్ది అనుకునేదాన్ని."

డ్రైవర్ అద్దంలోంచి మా వైపు చూశాడు. దిగుతామనుకున్నాడు. అక్క చేత్తో ముందుకి పొమ్మని చూపించింది. ఆయన ఏమీ అడక్కుండా తలుపు మూసి పోనిచ్చాడు. మా దగ్గర మళ్ళీ టికెట్ తీసుకోలేదు.

రెండో చుట్టులో అడిగాను. "నన్ను రావద్దని ఎందుకన్నావు?"

అమ్మ తల మీద గుడ్డ సర్దుకుంది. "వత్తే ఎక్కడ కూచోబెట్టను నిన్ను?" అంది చివరికి. "నా ఇల్లా అది? మంచోళ్ళే, కాదన్ను. కానీ నీకో గ్లాసు మంచినీళ్ళివ్వాలన్నా అడిగి ఇవ్వాలి. కూతురు మొదటిసారి నా దగ్గరికి వత్తే గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడాలా? అది నువ్వు చూడకూడదనుకున్నాను. అంతే."

"నేను అక్కర్లేదనుకున్నావని అనుకున్నాను."

"పిచ్చిమొహమా" అంది అమ్మ. నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అరచేతులు గరుకుగా ఉన్నాయి. ఆ గరుకుదనం ఒక్కటే నాకు గుర్తున్న అమ్మ. బస్సు చేపల రేవు దాటి బోడి కొండ మలుపు తిరుగుతుంటే నాకు ఏడుపు వచ్చింది. అమ్మ ఏడవలేదు. కాసేపు నన్ను ఏడవనిచ్చి, తర్వాత నేను ఏం వండుకుంటానో, ఎన్నింటికి లేస్తానో, వ్యాన్‌లో కిటికీ పక్కన కూర్చుంటానో లేదో అన్నీ అడిగింది. ఆఖరికి అమ్మమ్మ సంగతి వచ్చింది. అమ్మమ్మ చివరి రోజుల్లో నేనొక్కదాన్నే ఉన్నాను, అమ్మ రాలేకపోయింది. ఆవిడ ఏమందో, ఏమడిగిందో మొత్తం చెప్పమంది. ఫోన్లో ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో చుట్టు అంతా అమ్మమ్మే. నాలుగో చుట్టుకి మోజా నిద్రపోయింది. అక్క ఆ పిల్లని తెచ్చి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టింది. తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. చిన్న పాదాలు వెచ్చగా ఉన్నాయి. నేను తీసెయ్యలేదు.

తిరుగు పడవకి టైమయింది. అమ్మ పిల్లని భుజాన వేసుకుని గేటు దగ్గర దిగింది. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, "చెల్లె, నీకు ఫోన్ల తొవ్వ చెప్త, నేర్సుకో. నువ్వు రావాలె ఇప్పుడు" అంది. అమ్మ నవ్వి తలూపింది గానీ ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు.

అక్క ఊరికే అన్న మాట కాదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పొద్దున్న క్యాంపుకి బయలుదేరే ముందు, నా ఫోన్ తీసుకుని పది నిమిషాలు అమ్మతో మాట్లాడేది. వంటల గురించీ, ఊళ్ళ గురించీ కాదు, దారి గురించి. రేవులో దిగాక కుడి చేతివైపు టాక్సీలు, అందులో ఆడమనిషి ఉన్నది చూసి ఎక్కాలి. రువైస్‌లో బస్సు ఎక్కడ నిలుస్తుంది. అబూధాబీలో దిగాక ఎవరిని అడగాలి, ఏమని అడగాలి. అమ్మకి కూడబలుక్కుని చదవడం వచ్చు కాబట్టి దారిలో అడగాల్సిన ఊళ్ళ పేర్లు నేను తెలుగులో రాయించేదాన్ని. అమ్మ అవన్నీ ఒక చిన్న కాగితం మీద రాసుకుని బీరువాలో బట్టల కింద పెట్టుకునేదట. అలా చలికాలం గడిచింది, ఎండలు మొదలయ్యాయి.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను. మోజా పెద్ద బడికి వెళ్ళటం మొదలుపెట్టాక అమ్మ ఆ ఇల్లు వదిలేసింది. ఆ ఇంటివాళ్ళు ఏడుస్తూనే పంపారు. శంకరమ్మక్క, మల్లేశం బావ ఊరికి వెళ్ళిపోయి ఇల్లు కట్టుకున్నారు, అందులో పదేళ్ళయినా కలిసి ఉన్నారు. నాకు పెళ్ళయింది, లైసెన్సు వచ్చింది, కారు కొన్నాం. దుబాయ్‌లో ఉన్న చివరి ఏళ్ళలో అమ్మ విజిట్ వీసా మీద వచ్చినప్పుడల్లా నేనే కారులో అన్ని చోట్లకీ తిప్పేదాన్ని. ఎక్కడ తిరగాలో ఫోన్ చెబుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు, ఎక్కడా తప్పిపోం. కానీ నడిపే మనిషి రోడ్డు చూడాలి, పక్కన కూర్చున్న మనిషి ముఖం చూడటానికి వీలుండదు. అమ్మ ఏదో చెబుతూ ఉండేది, నేను ఊఁ కొడుతూ సిగ్నల్ వైపు చూసేదాన్ని. ఇప్పుడు రాజమండ్రిలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ కనిపిస్తుంది. అయినా ఆ రెండు గంటల్లో మాట్లాడుకున్నంత మేము మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకున్నామా అని నన్ను నేను అడిగితే, లేదనే చెప్పాలి. తీరిక ఎక్కువైతే మాటలు వాయిదా పడతాయి కాబోలు.

ఒక్క రోజు మాత్రం ఇంకా చెప్పాలి. అమ్మ ఫోన్లో దారి నేర్చుకున్న ఆ ఏడు ఎండాకాలంలో ఒక శుక్రవారం, నేను బట్టలు ఉతుక్కుంటుంటే ఫోన్ మోగింది. అమ్మ. వెనకాల హారన్ల మోత.

"ఎక్కడున్నావమ్మా?"

"మీ షార్జాలో. బస్సు దిగాను. ఇక్కడ పెద్ద చేపల మార్కెట్టుంది."

తడి చేతులతోనే పరిగెత్తాను. అక్క ఆ రోజు ఇంట్లో లేదు, క్యాంపుకి వెళ్ళింది. ఆ మార్కెట్టు పక్కనున్న జుబైల్ బస్ స్టేషన్‌లో ఆడవాళ్ళ బల్ల మీద, చిన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. గౌను నలిగిపోయింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ ఇంటి పెద్దావిడని సెలవడిగి, ముందు రోజు మధ్యాహ్నం పడవ ఎక్కిందట. అబూధాబీలో అక్క వాళ్ళ ఊరి ఆడవాళ్ళ దగ్గర పడుకుని, పొద్దున్నే బయలుదేరి వచ్చేసింది. నాకు ముందే చెబితే కంగారు పడతానని చెప్పలేదు.

"ఎన్ని చోట్ల అడిగావమ్మా?" అన్నాను.

"అడిగాను. ఓ పాతికమందినైనా అడిగుంటాను. ఒక్కడూ చెప్పనన్లేదే" అంది. ఆ మాట అంటుంటే ఆమె గొంతులో ఉన్న గర్వాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

సంచీ తీసుకోబోతే ఇవ్వలేదు. లేచి, గౌను దులుపుకుని, రోలా వైపు తనే ముందు నడిచింది. నేను ఒక అడుగు వెనక, ఆమె నడక చూసుకుంటూ వెళ్ళాను.